ఇనుము మీద పిలుపు

ఫోన్ మోగినప్పుడు నా నోటి నిండా అన్నం ఉంది, కుడిచెయ్యి నిండా ఎండుచేప నూనె. ఎడమచేత్తో తీశాను. ఓడల ఏజెన్సీలో ముక్కుతో మాట్లాడే ఆ అమ్మాయి, "మిసెస్ విల్యారియల్, మీవారిని విడిచిపెట్టారు. రేపు విమానం ఎక్కిస్తున్నారు," అంది.

పెళ్లై ఏడాది కాలేదు. మిసెస్ విల్యారియల్ అని ఎవరు పిలిచినా అత్తగారినేమో అనుకుని ఇప్పటికీ పక్కకి తప్పుకుంటాను. ఆ పూట తప్పుకోలేదు. కుర్చీ తోసేసి, ముద్ద మింగకుండానే వరండాలోకి పరుగెత్తి, "ఏమన్నారు? మళ్లీ చెప్పండి. ఇంకొక్కసారి," అని అదే మాట చెప్పించుకుంటూ నిలబడ్డాను. ఎదురింటి గోడ మీది పిల్లి కూడా నాకు అందంగా కనిపించింది.

వెనక బల్ల మీద పళ్లాలు గరగరమని తిరిగాయి. భోజనం మధ్యలో ఎవరైనా లేచి వెళితే మిగిలినవాళ్లు తమ పళ్లాన్ని ఒక చుట్టు తిప్పాలి. లేకపోతే వెళ్లినవాళ్లకి దారిలో కీడు జరుగుతుందని మా ఇలోయిలో ఊళ్లో అందరి నమ్మకం. నేను కాలేజీలో సైన్సు చదువుకున్నదాన్ని. ఈ తిప్పుడు చూస్తే నాకు నవ్వు.

"వరండాలోకి వెళ్లినా తిప్పాలా, నానాయ్?" అన్నాను లోపలికి వస్తూ. అత్తని కూడా మేము నానాయ్, అంటే అమ్మా, అనే పిలుస్తాం. అప్పటికే ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

"నీ పరుగు చూస్తే వరండాలో ఆగేలా లేదే, ఇందాయ్. నేరుగా సముద్రంలోకే పోయేలా ఉన్నావు," అంది మా అత్త ఫెలీ. పడుచుపిల్ల ఎవరైనా ఆమెకి ఇందాయే. అప్పుడు నా ముఖం చూసింది. చూసి, తిప్పిన పళ్లాన్నే మళ్లీ మళ్లీ తిప్పుతూ కూర్చుంది.

పోయిన వారమంతా నేను ఏజెన్సీ మెట్ల మీదే ఉన్నాను, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని. నా రెనాన్ పనిచేసే గోధుమల ఓడ 'ఓర్సా గ్రేస్'ని ఎర్ర సముద్రపు ముఖద్వారం దగ్గర ఎవరో కొట్టారు. ఒక ఒడ్డు దేశం అది క్షిపణి అంది. ఎదుటి ఒడ్డు దేశం, కాదు, మీరు నీళ్లలో వదిలిన మందుపాతరే అంది. ఓడ మీది జెండా మూడో దేశానిది, యజమాని ఉండేది ఇంకో దేశంలో, గోధుమలు మరెవరివో. వాళ్లంతా పెద్దపెద్ద సభల్లో ఒకరి మీదికి ఒకరు వేలు చూపించుకుంటుంటే, ఓడ నడిపిన మా మగవాళ్లని సాక్షులంటూ ఒక రేవులో కూర్చోబెట్టారు.

ఒక్కడు ఆ రేవు దాకా కూడా రాలేదు. జెర్సన్. ఇంజన్ గదిలో రెనాన్‌కి జోడీ, మా పెళ్లిలో తోడుపెళ్లికొడుకు. పేలుడుతోనే పోయాడని కంపెనీ చెప్పింది. శవం ఓడలో ఉంది. ఓడ ఓరగా ఒరిగి ఆ నీళ్లలోనే ఉంది. తగువు తేలేదాకా దాని దగ్గరికి ఎవరినీ పోనివ్వరు.

కబురు వచ్చిన ఆ పూట మా ఇంట్లో జెర్సన్ పేరు ఎవరూ ఎత్తలేదు. నేను బజారుకి పోయి నిమ్మపండు రంగు దుప్పటి కొన్నాను. స్నానాల గదిలో, గ్లాసులో ఒంటరిగా వాలిపోయి ఉన్న నా బ్రష్షు పక్కన కొత్త నీలం బ్రష్షు పెట్టి, గుమ్మం దాకా వెనక్కి నడిచి, దూరం నుంచి కూడా బాగుందో లేదో చూసుకున్నాను. చాలా బాగుంది.

మర్నాడు రాత్రి బాదోంగ్ బాబాయ్ తను నడిపే జీప్నీ బండికి కాగితం పూలు కట్టి విమానాశ్రయానికి తీసుకెళ్లాడు. ఆయన మా మామగారి తమ్ముడు. మామగారు పోయినప్పటి నుంచి ఈ ఇంటికి మగదిక్కు, హాస్యదిక్కు కూడా ఆయనే.

"ఒరేయ్, ఇంత చిక్కిపోయావేంట్రా!" అన్నాడు రెనాన్‌ని వాటేసుకుని. "పర్లేదులే, మీ ఆవిడ వంట నాలుగు రోజులు తిను. మళ్లీ ఓడే నయమనిపిస్తుంది."

అందరూ నవ్వారు. రెనాన్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. నా దగ్గరికి వచ్చి నా జుట్టులో ముఖం పెట్టుకుని, "పంగ్గా," అన్నాడు. మా ఊరి మొగుళ్లు పెళ్లాల్ని ముద్దుగా పిలిచే పిలుపే అది, కొత్తదేం కాదు. అయినా ఇన్నాళ్లకి విని అతన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అతని చొక్కా ఎప్పటిలా డీజిల్ వాసన వేయలేదు. ఏదో పరాయి సబ్బు వాసన వేసింది.

మర్నాడు పొద్దున స్నానాల గదిలోంచి ఒక చప్పుడు వినిపించింది. నీళ్ల గొట్టం మీద చెంచాతో కొడుతున్నాడు.

ఠంగ్. కాస్త ఆగి, ఠంగ్ ఠంగ్.

నాకు ఎంత సంతోషమో! ఇంజన్ గదిలో హోరు. అక్కడ చెవులు మూసుకుని పనిచేస్తారు కాబట్టి గొంతు పనికి రాదు. కమ్మీల మీద పానాతో కొట్టి మాట్లాడుకుంటారు. ఒక్కొక్కరికీ సొంత మోత ఉంటుంది. రెనాన్‌ది మూడు వరస దెబ్బలు, వాన మొదలైనట్టు. పెళ్లైన కొత్తలో ఆకలేసినప్పుడల్లా అన్నం గిన్నె మీద ఆ మూడూ కొట్టేవాడు. వంటింట్లో నేను సిగ్గుపడి చచ్చేదాన్ని.

కానీ ఇది అతని మోత కాదు. గుమ్మంలోంచి తొంగి చూశాను. కొట్టాక చెవిని గొట్టానికి ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఆనించాడు.

"కొత్తది నేర్చుకున్నావా?" అని, సరదాగా నా చేతి గాజుతో తలుపు గడియ మీద టక్కుమని కొట్టాను.

అతను తిరిగిన తీరుకి నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. కళ్లు నా వైపు ఉన్నాయి, నన్ను చూడటం లేదు.

"అలా కొట్టకు, పంగ్గా. ఎప్పుడూ కొట్టకు."

ఆ రోజంతా వింటూనే ఉన్నాను. మెట్ల కమ్మీ మీద, గ్యాస్ బండ మీద, జీప్నీ బంపర్ మీద. ఒకటి, ఆగి, రెండు. కొట్టాక తల పక్కకి వంచి వినేవాడు. అడిగితే, "నేనేం కొట్టలేదే," అనేవాడు, నిజంగానే తెలియనట్టు. సాయంత్రానికి నేను కూడా కత్తిపీట దగ్గర చెయ్యి ఆపి, తల వంచి వింటున్నాను. ఎవరి కోసమో నాకే తెలియదు. కొత్త దుప్పటి మడత విప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం విందు. కందులు, పనసకాయ, పంది మాంసం కలిపి అత్త చేసే కూర మా వీధి చివరిదాకా వాసన వస్తుంది. నలుగురం అప్పుడే కూర్చున్నాం. గేటు దగ్గర నుంచి, "ఫెలీ! నాకేమైనా మిగిల్చావా?" అని కేక.

నానాయ్ సలూద్. జెర్సన్ తల్లి. గిమారస్ దీవి నుంచి ఇంజన్ పడవలో వచ్చింది, నెత్తిన మామిడిపళ్ల బుట్ట. పొట్టి మనిషి. నల్లబట్టలు కట్టలేదు. పూలపూల గౌను వేసుకుంది. శవం రాలేదు కాబట్టి తొమ్మిది రోజుల ప్రార్థనలు కూడా మొదలుపెట్టలేదని, ఎవరైనా ఆ మాట ఎత్తితే చీపురు తీస్తుందని విన్నాం.

"మనాంగ్, అక్కా, రా, రా," అని బాదోంగ్ బాబాయ్ తన కుర్చీ ఇచ్చి స్టూలు లాక్కున్నాడు. అత్త వడ్డించింది. కూర కాస్త బల్ల మీద ఒలికింది.

సలూద్ ముందు రెనాన్‌ని తేరిపార చూసింది. తరువాత తన పళ్లెంలోంచి కొవ్వున్న ముక్క తీసి అతని పళ్లెంలో వేసింది.

"తిను, తోతో, నా బిడ్డా. వాడుంటే ఈ ముక్క కోసం నీతో కొట్లాడేవాడు."

"అవును, నానాయ్."

"పెళ్లిలో కూడా కొట్లాడారు కదా మీరిద్దరూ, పంది చెవి కోసం. ఈ పిల్ల బిత్తరపోయి చూసింది." నా వైపు తిరిగింది. "ఏం ఇందాయ్, అప్పుడే పారిపోవాల్సింది కదే?"

నవ్వాను. అందరం నవ్వాం. ఇక అంతా సవ్యంగానే గడిచిపోతుందని ఒక్క నిమిషం అనిపించింది. బాబాయ్ తన జీప్నీ కథలు మొదలుపెట్టాడు. నేను మామిడిపళ్లు కోస్తున్నాను. అప్పుడు రెనాన్ చెంచా పళ్లెం అంచుని తాకింది.

ఠంగ్. ఆగి, ఠంగ్ ఠంగ్.

సలూద్ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఇంకోసారి కొట్టు," అంది.

"ఏంటి, నానాయ్?"

"ఇప్పుడు కొట్టావే, అదే. ఇంకోసారి."

రెనాన్ చెంచా వైపు చూశాడు. అది తన చేతిలోకి ఎలా వచ్చిందో తెలియనట్టు చూశాడు. బల్ల మీద పెట్టేశాడు.

"అది నా మూకుడు మోత," అంది సలూద్, మా అందరితో. గొంతులో కోపం లేదు. "పిల్లలు ఒడ్డున ఆడుకునేవాళ్లు. నా కేక గాలికి కొట్టుకుపోయేది. గుమ్మంలో నిలబడి ఇనుప మూకుడు మీద గరిటెతో కొట్టేదాన్ని. ఒకటి, ఆగి, రెండు. అది పిలుపు. జెర్సన్ పడవ చెక్క మీద రాయితో జవాబు కొట్టేవాడు. రెండు, ఆగి, ఒకటి. ఆ జవాబు వినపడేదాకా నేను ఆపేదాన్ని కాదు."

"ఓడలో వాడి దగ్గర నేర్చుకుని ఉంటాడు, మనాంగ్," అన్నాడు బాబాయ్ తొందరగా. "అక్కడ అందరూ కొడతారు కదా, ఇనుము మీద—"

"నువ్వు మామిడిపండు తిను, బాదోంగ్." ఆమె కళ్లు రెనాన్ మీదే ఉన్నాయి. "తోతో, ఓడలో వాడు రోజూ ఏది కొట్టేవాడు? పిలుపా, జవాబా?"

"జవాబే," అన్నాడు రెనాన్ నెమ్మదిగా. "ఎప్పుడూ జవాబే. 'నేనున్నాను, పనైంది' అనడానికి."

"మరి పిలుపు ఎప్పుడు విన్నావు?"

అత్త లేచి పళ్లాలు తీయబోయింది. "ముందు తిననివ్వు, సలూద్. పిల్లాడు నిన్న కాక మొన్న వచ్చాడు," అంది.

"తింటాడులే. నేనేమైనా కంచం లాక్కున్నానా?"

రెనాన్ రెండు అరచేతులూ బల్ల మీద బోర్లించాడు.

"ఓడని కొట్టాక," అన్నాడు. "వెనకవైపు తగిలింది. ఇంజన్ గదిలోకి నీళ్లు. నీళ్లు ముందుకి రాకుండా కెప్టెన్ ఇనుప తలుపు మూయించాడు. డెక్కు మీద అందరం చేరాం. జెర్సన్ లేడు. నేను కిందికి పరుగెత్తి తలుపు మీద పానాతో కొట్టాను. అవతల నుంచి వినపడింది. వాడి జవాబు కాదు. ఎప్పుడూ వినని మోత. ఒకటి, ఆగి, రెండు."

సలూద్ తన పళ్లెం పక్కకి జరిపింది.

"తలుపు తీద్దామన్నాను. తీస్తే అందరం మునుగుతామన్నారు. నిజమే, నానాయ్, మునిగేవాళ్లం. కానీ ఓడ తేలుతోంది. పైనుంచి రేకు కోసి తీయొచ్చు, పనిముట్లుంటే చాలు. అంతలో రెండు గస్తీ పడవలు వచ్చాయి, రెండు దేశాలవి. ఇవి మా నీళ్లు అంటే మా నీళ్లు అని మైకుల్లో అరుచుకున్నారు. లోపల మనిషి బతికున్నాడని నేనూ అరిచాను. ఇద్దరికీ అర్థమైంది. మీ వాళ్లు ఎక్కితే కాలుస్తామని వీళ్లు, వీళ్లు ఎక్కితే కాలుస్తామని వాళ్లు. ఎవరూ ఎక్కలేదు. మమ్మల్ని దింపేశారు."

"నువ్వు వాడికి జవాబు కొట్టావా?"

"కొట్టాను. రెండు, ఆగి, ఒకటి. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేదాకా కొడుతూనే ఉన్నాను."

"నువ్వు వెళ్లేటప్పుడు వాడు ఇంకా కొడుతున్నాడా?"

రెనాన్ అవునన్నట్టు తల ఊపాడు.

తరువాత అతను నా వైపు చూశాడు. అలా చూడకపోతే బాగుండేది.

"ఆ పూట కింద ఉండాల్సింది నేను," అన్నాడు. "మా మంత్‌సరీ. ఒడ్డు దగ్గరికి వచ్చాం కదా, సిగ్నల్ దొరికింది. 'పోరా, కొత్త పెళ్లికొడకా, పెళ్లాంతో మాట్లాడుకో, నేను దిగుతాలే' అన్నాడు జెర్సన్."

మంత్‌సరీ. పెళ్లి తేదీ ప్రతి నెలా తిరిగి వచ్చినప్పుడల్లా మా వైపు కుర్ర జంటలు చేసుకునే చిన్న పండగ. ఆ రోజు చిన్న కేకు మీద కొవ్వొత్తి వెలిగించి, ఫోన్ దగ్గర పెట్టి, "నువ్వు అటునుంచి ఊదు, నేను ఇటునుంచి ఊదుతాను," అన్నాను. అతను నిజంగానే ఊదాడు. కొవ్వొత్తి ఆరింది. ఇద్దరం విరగబడి నవ్వాం. ఆ నవ్వులోనే ఎక్కడో ధబ్బుమని వినిపించింది, లైను తెగిపోయింది. ఆ కొవ్వొత్తి ముక్క దూదిలో చుట్టి నా చెవిపోగుల డబ్బాలో దాచుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా ముద్దొచ్చేది. ఇప్పుడు పక్కగదిలో, మూత పెట్టిన ఆ డబ్బాలోంచి ఏదో చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను.

సలూద్ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె చెయ్యి బల్ల మీదుగా వచ్చి, నా చేతిలోని మామిడిపండునీ కత్తినీ తీసుకుని, నేను సగంలో వదిలేసిన పండు తనే కోసి నా ముందు పెట్టింది.

"ఇది మాకెందుకు చెప్పలేదురా?" అంది అత్త ఏడుస్తూ.

"చెప్పకూడదన్న షరతు మీదే వదిలారు, నానాయ్," అన్నాడు రెనాన్. "రేపు పొద్దున ఓడ యజమానుల వకీలు ఇక్కడికి వస్తున్నాడు. ఆ రెండు దేశాల మనుషులు కూడా వస్తారు. పేలుడుతోనే జెర్సన్ పోయాడని నేను బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పాలి. చెబితే బతికున్నవాణ్ని వదిలేశారన్న నింద ఎవరి మీదా పడదు, తగువు ముగిసినట్టే. ఓడని అక్కడే ముంచేస్తారు. వాళ్లిద్దరూ ఒప్పుకున్న మాట ఇదొక్కటే."

"ముంచేస్తారా?" అన్నాడు బాబాయ్. "వాడు లోపలుండగానే?"

"చెప్పకపోతే?" అంది సలూద్.

"కెప్టెన్ ఇంకా అక్కడే ఉన్నాడు. నేను చెప్పాకే ఆయన్ని పంపిస్తామన్నారు. నాకు మళ్లీ ఏ ఓడా దొరకదు. అది సరే. ఆయన సంగతి..."

నేను తెగ మురిసిపోయిన ఆ ఫోన్ కబురు వెనక ఉన్న బేరం ఇదన్నమాట. నా నీలం బ్రష్షు, నా నిమ్మపండు దుప్పటి, అన్నీ ఈ బేరం మీదే ఇంట్లోకి వచ్చాయి.

అత్త బల్ల చుట్టూ వచ్చి సలూద్ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఈ ఇంట్లో ఎవరి ముందూ అలా కూర్చోని మనిషి.

"సలూద్, వాణ్ని ఆ మాట చెప్పనివ్వు. నీ కాళ్లు పట్టుకుంటాను. జెర్సన్ ఎలాగూ... ఇన్నాళ్లయ్యాక ఎలాగూ లేడు కదా. నా కొడుకు ఇప్పుడే ఇంటికొచ్చాడు."

"నీ కొడుకు ఇంటికొచ్చాడా, ఫెలీ?" సలూద్ చాలా మెత్తగా అడిగింది. "నేను వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. పళ్లెంలో ముద్ద పళ్లెంలోనే ఉంది. నీ కొడుకు ఇంకా ఆ తలుపు దగ్గరే నిలబడ్డాడు. నా కొడుకు లోపల పిలుస్తున్నాడు. మనిద్దరి పిల్లలూ అక్కడే ఉన్నారే."

అత్త ఏడుపు ఆగిపోయింది. రెనాన్ చెయ్యి నేను పట్టుకున్నాను.

"కెప్టెన్‌కి తల్లి ఉందా?" అని అడిగింది సలూద్.

"భార్య ఉంది. కాపిజ్‌లో."

సలూద్ లేచి నిలబడింది. మధ్యాహ్నం పడవకి వెళ్లిపోతోందనుకున్నాం. అలవాటు కొద్దీ బాబాయ్ చెయ్యి పళ్లెం మీదికి పోయింది, అత్త చెయ్యి పోయింది. సైన్సు చదివిన నా చెయ్యి అందరికంటే ముందు పోయింది.

"తిప్పకండి," అంది సలూద్. "నేనెక్కడికీ పోవడం లేదు."

పళ్లాలు సగం తిరిగి ఆగాయి. ఆమె మా వంటింట్లోకి నడిచింది. గిన్నెలు ఒక్కొక్కటీ తట్టి చూస్తున్న చప్పుళ్లు వినిపించాయి. ఇది కాదు, ఇదీ కాదు. చివరికి మసిబారిన పెద్ద ఇనుప మూకుడు, ఒక గరిటె, ఒక చెంచా తెచ్చి కూరగిన్నె పక్కన పెట్టింది.

"బాదోంగ్, నువ్వు ఈ రాత్రికే కాపిజ్ వెళ్లి ఆ కెప్టెన్ భార్యని తీసుకురా. ఏం జరగబోతోందో ఆవిడకి దారిలో చెప్పు, దాచకు. మొగుడి మీదికి వచ్చే మాట ఆవిడా వినాలి. ఇందాయ్, రేపు నువ్వు వీధి గుమ్మం బార్లా తెరిచి పెట్టు. ఇరుగుపొరుగు అందరూ వినాలి." తరువాత చెంచా తీసి రెనాన్ చేతిలో పెట్టి, అతని వేళ్లు దాని చుట్టూ మూసింది. "ఆ వకీలు ఆ కుర్చీలో కూర్చున్నాక, నువ్వు నోరు తెరవొద్దు, తోతో. బైబిల్ ముట్టుకోవద్దు. ముందు ఈ మూకుడు మీద, వాడు ఆ తలుపు వెనక నుంచి కొట్టినట్టే కొట్టు. పిలుపు నువ్వు కొట్టు, రేపు జవాబు నేను కొడతాను."